ఇంటిపేరు, దిబ్బ, చట్టం: ఐర్లాండ్‌లో నార్మన్ జాడ తీయడం ఎలా

ఐర్లాండ్ మధ్యయుగ చరిత్ర ఎవరు చెప్పినా ఒక మాట వచ్చి తీరుతుంది: దండెత్తి వచ్చిన నార్మన్లు (ఫ్రాన్స్‌లోని నార్మండీ మూలాలతో ఇంగ్లండ్‌ను ఏలిన ప్రభువర్గం) పోను పోను ఐరిష్ వాళ్లకంటే ఎక్కువ ఐరిష్ అయిపోయారని. వినడానికి బాగుంటుంది, పనికి మాత్రం అక్కరకు రాదు. ఆ మాట మధ్యయుగపు పత్రాల్లో ఎక్కడా లేదు, చాలా తర్వాత పుట్టి వ్యాప్తిలోకి వచ్చింది. ఏ కుటుంబం, ఏ ప్రాంతం, ఏ తరం, ఏ విషయంలో మారింది అని విడివిడిగా అడిగితేనే జవాబు దొరుకుతుంది. ఒకే మనిషి పేరులో ఐరిష్, కోర్టులో ఇంగ్లిష్, భోజనాల దగ్గర మళ్లీ ఐరిష్ కావచ్చు.

ఒక ఇంటిపేరుగానీ, ఊరుగానీ, పొలంలో కనిపించిన దిబ్బగానీ తీసుకుని దాని వెనక నార్మన్ చరిత్ర ఉందా, ఉంటే ఎంత కలిసిపోయింది అని తేల్చుకునే పద్ధతి ఇది. డబ్లిన్‌లో చదువుకోడానికో ఉద్యోగానికో ఉన్న తెలుగువాళ్లకు ఇందులో సగం పని ఒక శనివారం నాడు అయిపోతుంది. మిగతా సగం ఎక్కడి నుంచైనా ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు.

ముందు తేదీలు

ఏ ఆధారం చేతికొచ్చినా మొదట దాన్ని కాలంలో పెట్టాలి. అందుకు ఈ కాసిని తేదీలు చాలు. 1166లో తూర్పు ఐర్లాండ్‌లోని లైన్‌స్టర్ రాజు డైర్మట్ మక్‌మరోను ప్రత్యర్థులు తరిమేశారు. ఆయన ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ దగ్గరికి వెళ్లి, మనుషుల్ని కూర్చుకోడానికి అనుమతి తెచ్చుకున్నాడు. వేల్స్ సరిహద్దు ప్రభువుల్లో రిచర్డ్ డి క్లేర్‌కు, అంటే అందరూ స్ట్రాంగ్‌బో అని పిలిచే ఆయనకు, కూతురు ఈఫాను ఇచ్చి తన తర్వాత లైన్‌స్టర్ కూడా ఇస్తానన్నాడు. 1169 మేలో మొదటి దండు వెక్స్‌ఫర్డ్ తీరాన బానో దగ్గర దిగింది. 1170 ఆగస్టులో స్ట్రాంగ్‌బో వచ్చి వాటర్‌ఫర్డ్ పట్టుకున్నాడు, ఈఫాను పెళ్లాడాడు, సెప్టెంబరుకల్లా డబ్లిన్ కూడా చేజిక్కించుకున్నాడు. మామ 1171లో చనిపోయాడు. తన సామంతుడు పక్క దీవిలో రాజైపోతాడేమోనని హెన్రీ అదే ఏడు అక్టోబరులో స్వయంగా వచ్చి దిగాడు. ఆక్రమణ పడమటి కనాక్ట్ దాకా పాకడానికి 1235 అయింది. 1315 నుంచి 1318 వరకు స్కాట్లండ్ నుంచి ఎడ్వర్డ్ బ్రూస్ దండయాత్ర, 1348 నుంచి ప్లేగు. ఆ తర్వాత ఇంగ్లిష్ పాలన కుంచించుకుపోయి, 15వ శతాబ్దం చివరికి డబ్లిన్ చుట్టుపక్కల పేల్ అనే ముక్కకు పరిమితమైంది.

ఒక హెచ్చరిక. నార్మన్లు అని మనం అంటున్నాం గానీ వాళ్లు తమను ఇంగ్లిష్‌వాళ్లమనే రాసుకున్నారు. ఐరిష్ వార్షిక చరిత్రలు వాళ్లను గాల్ అంటాయి, అంటే పరాయివాళ్లు. 1169కి ముందు అదే మాట వైకింగులకు వాడేవారు. గాలోగ్లాక్ అంటే మళ్లీ వేరే: స్కాట్లండ్ పడమటి తీరం నుంచి వచ్చిన కిరాయి సైనికులు. కాబట్టి ఏదైనా అనువాదంలో ‘పరాయివాళ్లు ఊరు తగలబెట్టారు’ అని కనిపిస్తే, సంవత్సరం చూడకుండా నార్మన్ల ఖాతాలో వేయకండి.

ఇంటిపేరు పట్టుకుని వెనక్కి నడవడం

ఎక్కువమంది మొదలుపెట్టేది ఇక్కడే, బోల్తా పడేదీ ఇక్కడే. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను నమ్మకండి. ముందు ఆ పేరు ఐరిష్ రూపం కనుక్కోండి, ఆ రూపాన్ని బట్టి మూడింట్లో ఏ గుంపులో పడుతుందో చూడండి.

మొదటిది, ఫ్రెంచ్ పేరు ఐరిష్ నోట పడి కాస్త అరిగినది. డి బర్గ్ కాస్తా డి బూర్కా అయి ఈనాటి బర్క్ అయింది. పవర్ ఐరిష్‌లో డి పైర్, బట్లర్ డి బిట్లేర్. ఇక్కడ కలిసిపోవడం ఉచ్చారణ వరకే అనుకోవాలి, ఇంకేదైనా రుజువు దొరికేదాకా.

రెండో గుంపులో అసలు సరుకు ఉంది. ఇక్కడ కుటుంబం పాత ఇంటిపేరును వదిలేసి, ఒక పూర్వికుడి పేరుకు ‘మక్’ (కొడుకు) తగిలించి, అచ్చం గేలిక్, అంటే స్థానిక ఐరిష్, వంశాల్లాగే కొత్త పేరు పెట్టుకుంది. నాంగల్ కుటుంబంలో జోస్లిన్ సంతానం మక్ కాస్టెల్లో అయ్యారు. ఇటాలియన్‌లా వినిపించే కాస్టెల్లో పేరుకు అసలు కథ ఇది. నార్మన్ ఇళ్లలో ‘మక్’ పేరు పెట్టుకున్న మొదటివాళ్లలో వీళ్లను లెక్కిస్తారు. మేయోలో డి ఎక్సెటర్లు జోర్డన్ అనే పూర్వికుడి పేరు మీద జోర్డన్లయ్యారు. స్టాంటన్లలో ఒక శాఖ మెక్‌ఎవిలీ. కిల్కెన్నీలో ఆర్చ్‌డీకన్ కుటుంబం ఓడో అనే పూర్వికుడి పేరుతో మక్ ఓడా అయి, ఇంగ్లిష్‌లోకి తిరిగొచ్చేసరికి కోడీ అయింది. బర్కుల శాఖల నుంచే జెన్నింగ్స్, గిబ్బన్స్, ఫిల్బిన్ పేర్లు వచ్చాయి. ఈ మార్పు జరిగిన చోట పేరొక్కటే మారలేదు, వంశం నడిచే తీరు కూడా మారింది.

మూడోది వాల్ష్. ఐరిష్‌లో ఇది బ్రానాక్, అంటే వేల్స్ నుంచి వచ్చినవాడు. చుట్టుపక్కల జనం పెట్టిన పేరు కాబట్టి సంబంధం లేని ఎన్నో కుటుంబాలకు విడివిడిగా అంటుకుంది. వాల్షులందరికీ ఒకే మూలపురుషుణ్ణి వెతికేవాళ్ల శ్రమ వృథా.

ఇక ఉచ్చులు. ఫిట్జ్ అని మొదలైతే నార్మన్ అని కళ్లు మూసుకుని రాసేస్తారు. ఫిట్జ్‌జెరాల్డ్, ఫిట్జ్‌మారిస్ విషయంలో అది నిజం. ఫిట్జ్‌పాట్రిక్ మాత్రం స్వచ్ఛమైన గేలిక్ వంశం, మక్ గిల్ల ఫాడ్రిగ్. ఇంగ్లిష్‌లో రాసుకునేటప్పుడు ఫిట్జ్ తగిలించుకున్నారు, అంతే. రెండో ఉచ్చు 1465 చట్టం. డబ్లిన్, మీథ్, లౌత్, కిల్డేర్ కౌంటీల్లో ఇంగ్లిష్‌వాళ్ల మధ్య ఉండే ఐరిష్‌వాళ్లు ఇంగ్లిష్ ఇంటిపేర్లు పెట్టుకోవాలని అది ఆజ్ఞాపించింది. ట్రిమ్, సట్టన్ లాంటి ఊరి పేరుగానీ, తెలుపు, నలుపు లాంటి రంగుగానీ, కమ్మరి, వడ్రంగి లాంటి వృత్తిగానీ, వంటవాడు లాంటి కొలువుగానీ ఇంటిపేరు కావాలంది. అందుకని ఈ నాలుగు కౌంటీల్లో వైట్, బ్రౌన్, కుక్ అని కనిపిస్తే ఇంగ్లండ్ నుంచి వచ్చారో, కలిసిపోయిన ఐరిష్‌వాళ్లో పేరును బట్టి చెప్పలేం. స్మిత్ అయితే మరీ కష్టం. కవాన్ ప్రాంతంలో అది చాలాసార్లు మక్ గౌన్‌కు అనువాదం మాత్రమే.

పేరు తేలాక 1901, 1911 జనగణన కాగితాలు చూడండి. రెండూ ఐర్లాండ్ జాతీయ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. ఆ పేరు ఏ కౌంటీలో గుంపుగా ఉందో అక్కడ ఆగి, 19వ శతాబ్దం మధ్యలో పన్ను కోసం భూములకు, ఇళ్లకు విలువ కట్టి తయారుచేసిన గ్రిఫిత్స్ వాల్యుయేషన్‌లోకి వెళ్లండి. అక్కణ్ణుంచి జప్తు చేసిన భూముల్ని కొలిచిన 1650ల నాటి డౌన్ సర్వే పటాలకు. ఆ సర్వే ఆధారంగా ట్రినిటీ కాలేజీ పెట్టిన సైట్‌లో, ఒక్కో గ్రామఖండం 1641లో ఎవరిదో, 1670లో ఎవరి చేతికి పోయిందో కనిపిస్తుంది. 1641 వరుసలో బట్లర్, బర్క్, డిలన్ లాంటి పేర్లు వరసగా ఉంటే, ఆ నేలలో నార్మన్ వేరు 470 ఏళ్లు నిలబడిందన్నమాట. 1641కి ముందు సామాన్య రైతు కుటుంబాన్ని తరతరానా గొలుసుకట్టి చూపిస్తామనేవాళ్లను నమ్మవద్దు. అంత వెనక్కి కాగితాలున్నది భూస్వాములకే.

నేల మీద ఏం చూడాలి

డబ్లిన్ నుంచి వాయవ్యంగా సుమారు 50 కిలోమీటర్లు వెళితే ట్రిమ్ కోట వస్తుంది. 1172లో హెన్రీ మీథ్ మొత్తాన్ని హ్యూ డి లేసీకి రాసిచ్చాడు. ఆయన ముందు మట్టి, కర్రతో కట్టి, తర్వాత రాతి కట్టడం మొదలుపెట్టాడు. మధ్య బురుజు చుట్టూ నడుస్తూ మూలలు లెక్కపెట్టండి. శిలువ ఆకారపు ప్లాను వల్ల గోడలు 20 ముఖాలుగా విరుగుతాయి. అసలైన తొలి నార్మన్ రాతికోట ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకోడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆ అలవాటు ఎందుకంటే, ఐర్లాండ్‌లో రోడ్డు పక్క కనిపించి జనం నార్మన్ కోట అని చూపించేవాటిలో ఎక్కువ భాగం నార్మన్ కోటలు కావు. సన్నగా నిటారుగా నాలుగైదు అంతస్తులు లేచి, కింద గోడ కాస్త వాలుగా వెడల్పయి, గుమ్మం లోపల నెత్తిమీద రంధ్రం ఉన్న ఒంటరి గోపురమైతే అది టవర్ హౌస్. 1400 తర్వాత రెండు వందల యాభై ఏళ్లపాటు గేలిక్ నాయకులూ నార్మన్ సంతతివాళ్లూ ఇద్దరూ వాటినే కట్టుకున్నారు. లోపలికి వెళ్లగలిగితే కప్పు వంపు అడుగున చూడండి. సున్నం ఆరేదాకా కింద ఆనించిన తడిక అచ్చు ఇప్పటికీ చాలాచోట్ల అల్లికతో సహా కనిపిస్తుంది. బ్లార్నీ కట్టింది మెకార్తీలు, ఇప్పుడున్న బన్రాటీ కట్టింది మెక్‌నమారాలు. ఇద్దరూ గేలిక్ వంశాలే. పేల్ వైపు మాత్రం ఇంకో లెక్క ఉంది. 1429 చట్టం ప్రకారం డబ్లిన్, మీథ్, కిల్డేర్, లౌత్ కౌంటీల్లో 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తుకు తగ్గకుండా గోపురం కట్టినవాళ్లకు 10 పౌండ్ల సాయం ఇచ్చేవారు. ఆ వైపు చిన్న గోపురం దొరికితే టేపు తీసి కొలవండి.

మట్టి కట్టడాల దగ్గర తప్పు ఇంకో రకం. పొలంలో గుండ్రటి గట్టు, లోపల సమతలం, అడ్డంగా సుమారు 30 మీటర్లు ఉంటే అది రాత్, నార్మన్లకు వందల ఏళ్ల ముందటి రైతు ఆవరణ. దేశం మొత్తం మీద 45,000 దాకా ఉన్నాయి. నార్మన్ల మాట్ అలా ఉండదు. నిటారుగా పేర్చిన దిబ్బ, పైన చదును, అడుగున కందకం, పక్కనే ఒక తక్కువ ఎత్తు ఆవరణ. లాంగ్‌ఫర్డ్ కౌంటీలో గ్రానార్డ్ దిబ్బ మంచి ఉదాహరణ. ఇవి తూర్పున ఎక్కువ, కనాక్ట్‌లో తక్కువ. చిక్కు ఎక్కడంటే, కొన్నిచోట్ల నార్మన్లు పాత రాత్ మీదే మట్టి పోసి మాట్ చేసుకున్నారు. తేల్చుకోలేకపోతే జాతీయ స్మారకాల శాఖ ఆన్‌లైన్ పటంలో ఆ చుక్క మీద నొక్కి, వాళ్ల వర్గీకరణ చూడండి. చతురస్రంగా, చుట్టూ నీళ్లు నిలిచే కందకంతో ఉంటే మూడో రకం. ఎక్కువగా 1300కు అటూ ఇటూ, వలస అంచుల్లోని వ్యవసాయ కుటుంబాలు కట్టుకున్నవి. ప్రభువుల కోటకంటే ఇవే నాకు ఎక్కువ విలువైన ఆధారం. ఇంగ్లండ్, వేల్స్‌ల నుంచి వచ్చిన మామూలు రైతులు ఎంత దూరం చొచ్చుకెళ్లారో ఇవి చెబుతాయి.

చర్చిల విషయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ఇంగ్లండ్‌లో నార్మన్ శైలి అనే గుండ్రటి తోరణాలు ఐర్లాండ్‌లో నార్మన్లకంటే ముందే వచ్చాయి. కాషెల్ కొండమీద కార్మాక్ చాపెల్‌ను 1134లో ప్రతిష్ఠించారు. మెలిఫాంట్ మఠం 1142 నాటిది. తోరణం చూసి తీర్పు చెబితే ముప్పై నలభై ఏళ్లు తప్పుతారు.

ఊరి పేర్లను లోగానిమ్ అనే అధికారిక స్థలనామాల సైట్‌లో వెతకండి, పాత రూపాలన్నీ తేదీలతో ఉంటాయి. బరిస్ అని మొదలయ్యేవి నార్మన్లు పెట్టిన పట్టణ హక్కుల గుర్తు. బ్రిటస్ కర్ర కోటబురుజుకు ఫ్రెంచ్ మాట నుంచి వచ్చింది. గ్రేంజ్ మఠాల పొలం. తూర్పున వ్యక్తి పేరు వెనక ‘టౌన్’ తగిలితే వలసదారుడి ఊరు కావచ్చు, కానీ 17వ శతాబ్దంలోనూ అలాగే పెట్టారు కాబట్టి పాత రూపం తేదీ 1400కు ముందుదైతేనే లెక్కలోకి తీసుకోండి.

చట్టాన్ని తలకిందులుగా చదవడం

కలిసిపోవడం గురించి రాసేవాళ్లందరూ 1366 కిల్కెన్నీ చట్టాల దగ్గరకు వస్తారు. వలస ఇంగ్లిష్‌వాళ్లు ఐరిష్‌వాళ్లతో పెళ్లిళ్లు చేసుకోకూడదు, పిల్లల్ని పెంపకానికి ఇచ్చి పుచ్చుకోకూడదు, ఐరిష్ మాట్లాడకూడదు, ఐరిష్ పేర్లు పెట్టుకోకూడదు, బ్రెహన్ న్యాయం (ఐరిష్‌వాళ్ల సంప్రదాయ చట్టం) ప్రకారం తగవులు తీర్చుకోకూడదు, జీను లేకుండా గుర్రమెక్కకూడదు, హర్లింగ్ అనే కర్రా బంతి ఆట ఆడకూడదు, ఐరిష్ కవుల్ని, వాద్యకారుల్ని ఇంట్లో పెట్టుకోకూడదు. ఐరిష్ మాట్లాడిన ఇంగ్లిష్‌వాడు ఇంగ్లిష్ నేర్చుకుంటానని పూచీ ఇచ్చేదాకా భూమి జప్తు. ఇంత చెప్పిన చట్టాన్ని రాసింది ఫ్రెంచ్‌లో.

ఇలాంటి చట్టం చేతికొస్తే నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరిని నిషేధిస్తోంది? ఇక్కడ ఎక్కువ భాగం వలసదారుల్నే. ఐరిష్ సంస్కృతినే రద్దు చేసిన చట్టంగా దీన్ని చెప్పడం తప్పు. ఎందుకు నిషేధిస్తోంది? 1297 పార్లమెంటు చట్టం దీనికి చక్కగా దొరుకుతుంది. కొందరు ఇంగ్లిష్‌వాళ్లు సగం తల గొరిగించుకుని వెనక జుట్టు వదిలి, ఐరిష్ వేషం వేస్తున్నారట. వాళ్లను ఐరిష్‌వాళ్లనుకుని చంపేస్తున్నారట. ఇంగ్లిష్‌వాణ్ణి చంపితే ఒక శిక్ష, ఐరిష్‌వాణ్ణి చంపితే ఇంకొకటి కాబట్టి గొడవలు ముదురుతున్నాయట. అంటే సమస్య జుట్టు కాదు, మనిషి జాతిని బట్టి న్యాయం మారే వ్యవస్థ. మూడో ప్రశ్న, మళ్లీ మళ్లీ జారీ అయిందా? కిల్కెన్నీ చట్టాల్ని తర్వాతి శతాబ్దంలో పదే పదే పునరుద్ధరించారు, అంటే జనం వినలేదు. నాలుగోది అందరూ వదిలేసేది: మినహాయింపులు. 1388లో డెస్మండ్ మూడో ఎర్ల్ జెరాల్డ్ తన కొడుకు జేమ్స్‌ను థామండ్ ప్రాంతపు గేలిక్ నాయకుడు కానర్ ఓ’బ్రయన్ దగ్గర పెంపకానికి పెట్టడానికి రాజు నుంచి అనుమతి తెచ్చుకున్నాడు. 1370లో ఇదే ఎర్ల్‌ను యుద్ధంలో ఓడించి బందీగా పట్టుకున్నది కూడా ఓ’బ్రయన్లే. పెంపకమంటే ముచ్చట కాదు, నిన్నటి శత్రువుతో సరిహద్దు ఒప్పందం. పైగా ఈ జెరాల్డ్ కిల్కెన్నీ చట్టాలు వచ్చిన మరుసటి ఏడే, 1367లో, ఐర్లాండ్‌లో రాజప్రతినిధి అయ్యాడు. ఐరిష్‌లో ప్రేమ కవితలు రాసిన గెరోడ్ ఈర్లా ఈయనే.

కలిసిపోవడానికి కారణం ప్రేమాభిమానాలే అనుకుంటే బర్కుల సంగతి అర్థం కాదు. 1333లో అల్‌స్టర్ ఎర్ల్ విలియం డి బర్గ్‌ను కారిక్‌ఫర్గస్ దగ్గర తన మనుషులే చంపారు. మిగిలింది పసిపిల్ల ఎలిజబెత్. ఇంగ్లిష్ చట్టం ప్రకారం అల్‌స్టర్, కనాక్ట్ అంతా ఆమెది, పెళ్లయ్యాక మొగుడిది. కనాక్ట్‌లోని దాయాదులు ఒప్పుకోలేదు. గేలిక్ పద్ధతిలో మగ జ్ఞాతుల్లో సమర్థుడికే నాయకత్వం అని రెండు శాఖలుగా భూమి పట్టుకున్నారు: గాల్వేలో ఎగువ మక్‌విలియం, మేయోలో దిగువ మక్‌విలియం. ఆస్తి నిలవాలంటే ఐరిష్ వారసత్వ పద్ధతే దారి. ఇంతకీ ఎలిజబెత్ భర్త ఎవరు? రాజకుమారుడు లయనెల్, కిల్కెన్నీ పార్లమెంటు జరిపిన మనిషి. ఆ చట్టాల్ని బర్కుల కోణంలో మళ్లీ ఒకసారి చదవండి.

కవులు చెప్పింది ఎంత నమ్మాలి

ఐరిష్ కవి ఒక నార్మన్ ప్రభువును పొగిడితే ఆ ప్రభువు గేలిక్ అయిపోయాడని రాసేయడం మామూలు. 1387లో చనిపోయిన గోఫ్రి ఫిన్ ఓ డాలీ తన వృత్తి రహస్యం తానే చెప్పాడు: పరాయివాళ్లకు పాడేటప్పుడు గేల్‌లను ఐర్లాండ్ నుంచి తరిమేస్తావంటాం, గేల్‌లకు పాడేటప్పుడు పరాయివాళ్లను తూర్పు సముద్రం దాటిస్తావంటాం అని. కవిత అంటే డబ్బు చేతులు మారిన రసీదు. ఆ ప్రభువు కవిని పోషించాడని, ఐరిష్ అర్థమయ్యే సభ ఉందని మాత్రమే దాంట్లోంచి తీసుకోండి. పుస్తకాలు ఇంకా గట్టి సాక్ష్యం. 1462లో పిల్‌టౌన్ యుద్ధంలో పట్టుబడిన ఎడ్మండ్ మక్‌రిచర్డ్ బట్లర్, విడుదల కోసం డెస్మండ్ ఎర్ల్‌కు ఇచ్చినవాటిలో ఐరిష్ రాతప్రతి ఉంది. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ నార్మన్ సంతతివాళ్లే.

ఒక కుటుంబం మీద పరీక్ష

బర్మింగ్‌హామ్‌లను తీసుకోండి. ఇంటిపేరు ఐరిష్‌లో మక్ ఓరిష్, పియర్స్ అనే పూర్వికుడి పేరు మీద. రెండో గుంపు, అంటే బాగా కలిసిపోయినట్టే. గాల్వే కౌంటీ ఆథెన్రీలో కోట ఉంది, 1241లో మైలర్ పెట్టిన డొమినికన్ మఠం ఉంది. ఇక్కడిదాకా సాఫీగా ఉంది. ఇప్పుడు 1305 చూడండి: పియర్స్ డి బర్మింగ్‌హామ్ ఓ’కానర్ ఫాలీ వంశ నాయకుల్ని విందుకు పిలిచి చంపించాడు. 1316లో ఆథెన్రీ దగ్గర కనాక్ట్ రాజు ఫెలిమ్ ఓ’కానర్‌ను ఓడించి చంపినవాళ్లలో రిచర్డ్ డి బర్మింగ్‌హామ్ ముఖ్యుడు. 1318లో ఎడ్వర్డ్ బ్రూస్‌ను ఫాకర్ట్‌లో ఓడించిన సైన్యానికి నాయకుడు జాన్ డి బర్మింగ్‌హామ్. దానికి బహుమతిగా లౌత్ ఎర్ల్ పదవి వచ్చింది. కలిసిపోయారన్న లెక్క తప్పిందనిపిస్తుంది. 1329లో అదే జాన్‌ను లౌత్‌లోని ఇంగ్లిష్ వలసదారులే బ్రాగన్స్‌టౌన్‌లో చంపారు. ఆయనతోపాటు చచ్చిపోయిన వారిలో మెల్రూనీ మక్‌కారల్ ఉన్నాడు, ఆ కాలపు ఐర్లాండ్‌లో పేరున్న తంత్రీవాద్యకారుడు, శిష్యులతో సహా.

కాబట్టి నోట్స్‌లో ‘గేలిక్ అయ్యారు, అవును’ అని ఒక్క గడి పెట్టుకోకండి. పేరు, పెళ్లి-పెంపకం, వారసత్వం, న్యాయం, భాష-కళలు, రాజభక్తి అని ఆరు గడులు గీసి, ప్రతి గడిలో వ్యక్తి పేరు, సంవత్సరం రాయండి. జాన్ వరకు కళల గడి నిండుతుంది, రాజభక్తి గడి ఎదురుదిశలో నిండుతుంది. ఆధారం లేని గడి ఖాళీగానే ఉండనివ్వండి. ప్రాంతం కూడా పక్కన రాసుకోవాలి. మేయోలో బర్కులు మక్‌విలియంలైన రోజుల్లోనే వెక్స్‌ఫర్డ్ మూలన ఫోర్త్, బార్జీ రైతులు తమ పాత ఇంగ్లిష్ యాసను పట్టుకునే ఉన్నారు. అది 19వ శతాబ్దం దాకా బతికింది.

గడులు నింపేటప్పుడు ఆధారం అసలా, తర్వాతి సారాంశమా అన్నది తప్పక గుర్తించండి. మధ్యయుగపు ఐర్లాండ్ ప్రభుత్వ పత్రాల్లో చాలా భాగం 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో అంతర్యుద్ధపు పేలుడులో కాలిపోయింది. ఇప్పుడు మనం చదివేవి అంతకుముందు పండితులు తీసుకున్న నకళ్లు, లండన్‌లో మిగిలిన ప్రతులు. 2022లో మొదలైన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ వాటిని ఒకచోట చేర్చి ఉచితంగా ఇస్తోంది. వార్షిక చరిత్రలు, చట్టాల పాఠాలు కార్క్ విశ్వవిద్యాలయం సెల్ట్ సైట్‌లో అనువాదాలతో దొరుకుతాయి. అక్కడ ఒకే పేరును కనీసం మూడు స్పెల్లింగుల్లో వెతకాలి: ఫ్రెంచ్ రూపం, లాటిన్ రూపం, ఐరిష్ రూపం. బర్మింగ్‌హామ్ అని మాత్రమే కొడితే ఐరిష్ వార్షిక చరిత్రల్లో మక్ ఓరిష్ అని రాసినవేవీ మీ కంట పడవు.